నొప్పి మందులు, లివర్ లెక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మార్ఫిన్, కొడీన్, ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటానిల్... ఇవన్నీ నల్లమందు జాతి మందులు. డాక్టర్లు ఓపియాయిడ్లు అంటారు. వీటి గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి: చీటీ మీద రాసిన మోతాదు ఒకటి, ఒంట్లో జరిగింది మరొకటి. ఆ తేడా ఎక్కువసార్లు పుట్టేది లివర్లోనే. ఇక్కడ ఇచ్చిన మోతాదులు విషయం అర్థం కావడానికి. మార్చాల్సి వస్తే మీ డాక్టరే మార్చాలి.

ప్రశ్న: మోకీలు మార్పిడి ఆపరేషన్ తర్వాత నాకు ట్రమడాల్ 50 మి.గ్రా. రోజుకు మూడుసార్లు రాశారు. నొప్పి తగ్గలేదు సరికదా కడుపులో తిప్పుతోంది, తల తిరుగుతోంది. మా అక్క నడుంనొప్పికి ఇదే మాత్ర ఒక్కటి వేసుకుంటే హాయిగా ఉంటుంది. ఆందోళనకు నేను నాలుగేళ్లుగా పారాక్సెటిన్ 20 మి.గ్రా. వాడుతున్నాను. నాకు ఇచ్చింది నకిలీ మాత్రా?
– ఒక పాఠకురాలు, వరంగల్

మాత్రను అనుమానించే ముందు పారాక్సెటిన్‌ను చూడాలి. అసలు సంగతి అక్కడే ఉంది.

ట్రమడాల్ మింగినప్పుడు మన చేతికి వచ్చేది సగం తయారైన మందు. అది నేరుగా చేసే పని సెరొటోనిన్, నోరాడ్రినలిన్ అనే నాడీ రసాయనాలను కాస్త పెంచడం. అసలైన నల్లమందు తరహా నొప్పి నివారణ రావాలంటే లివర్లో ఉండే సిప్-2డి6 అనే ఎంజైమ్ దాని అణువులోంచి చిన్న ముక్కను కత్తిరించి ఎమ్-1 అనే పదార్థంగా మార్చాలి. మెదడులోని ఓపియాయిడ్ గ్రాహకానికి ఎమ్-1 అతుక్కునే బలం ట్రమడాల్‌తో పోలిస్తే దాదాపు 200 రెట్లు. అంటే లివర్ ఈ కత్తిరింపు చేయకపోతే మాత్రలో ముఖ్యమైన పని సగంలోనే ఆగిపోతుంది.

పారాక్సెటిన్ సరిగ్గా ఆ కత్తెరనే బిగించేస్తుంది. రోజూ వాడేవారిలో సిప్-2డి6 దాదాపు పనిచేయని స్థితికి వస్తుంది. పుట్టుకతో మీ ఎంజైమ్ ఎంత చక్కగా ఉన్నా సరే, ఈ మందు మీద ఉన్నంతకాలం పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లేనివారిలాగే మీ ఒళ్లు ప్రవర్తిస్తుంది. ఎమ్-1 తయారు కాదు, నొప్పి తగ్గదు. మారని ట్రమడాల్ మాత్రం రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది. కడుపులో తిప్పడానికీ, తల తిరగడానికీ అది చాలు. మేలు తగ్గి కీడు మిగలడం అంటే ఇదే.

నొప్పి తగ్గట్లేదని రెండో మాత్ర వేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. మీ విషయంలో అది ప్రమాదం కూడా. పారాక్సెటిన్ ఇప్పటికే సెరొటోనిన్‌ను పెంచుతోంది, మారని ట్రమడాల్ ఇంకా పెంచుతుంది. చెమటలు, వణుకు, కాళ్లు ఎగిరెగిరి పడటం, విరేచనాలు, జ్వరం, స్థిమితం లేకపోవడం – ఇవి సెరొటోనిన్ మితిమీరిన గుర్తులు. ఫిట్స్ కూడా రావచ్చు. వీటిలో ఏవైనా మొదలైతే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. అలాగని పారాక్సెటిన్‌ను మీ అంతట మీరు ఠక్కున ఆపకండి. ఆపితే తలలో కరెంటు కొట్టినట్టు, నిద్రపట్టనట్టు, ఆందోళన తిరగబెట్టినట్టు అవుతుంది.

సర్జన్‌కు పారాక్సెటిన్ పేరు చెప్పి ట్రమడాల్‌కు బదులు మరొకటి అడగండి. పారాసిటమాల్‌ను నొప్పి వచ్చినప్పుడు కాక గంటల ప్రకారం వేసుకోవడం, కిడ్నీలూ పొట్టా బాగుంటే వాపు తగ్గించే మాత్ర, ఐస్ కాపడం – మోకాలికి చాలావరకు ఇవే మోస్తాయి. ఓపియాయిడ్ తప్పదనుకుంటే సిప్-2డి6తో పనిలేనివి ఉన్నాయి. మార్ఫిన్ కొద్ది మోతాదులో అలాంటిదే. కొడీన్‌కు మారిస్తే మాత్రం లాభం లేదు, దానికీ ఇదే కత్తెర కావాలి. టాపెంటడాల్‌కు ఈ కత్తెర అక్కర్లేదు కానీ, సెరొటోనిన్ మందుల పక్కన దాన్నీ జాగ్రత్తగానే వాడతారు.

ఇదే కత్తెరను బిగించే మందులు మరికొన్ని మన ఇళ్లలోనే ఉంటాయి. ఫ్లూఆక్సెటిన్ గట్టి అడ్డు. ఆపిన తర్వాత కూడా దాని ప్రభావం వారాల తరబడి, కొందరిలో అయిదు వారాల దాకా సాగుతుంది. సిగరెట్ మాన్పించడానికీ, డిప్రెషన్‌కూ ఇచ్చే బ్యుప్రోపియాన్ కూడా అంతే. తామరకు వాడే టెర్బినాఫిన్ మాత్రలను ఎవరూ అనుమానించరు. చర్మం డాక్టరు రాసింది నొప్పి డాక్టరుకు చెప్పాలని ఎవరికి తోస్తుంది? కానీ అదీ గట్టి అడ్డే, కోర్సు అయిపోయాక కూడా చాలా వారాలు ఉంటుంది. నడుంనొప్పికి ట్రమడాల్‌తో కలిపి డ్యులాక్సెటిన్ రాసిన చీటీలు తరచూ కనిపిస్తాయి. అది ఒక మోస్తరు అడ్డు, పైగా సెరొటోనిన్ పెంచేదే. ఆ జంట రాసేముందు డాక్టరు ఒకసారి ఆగి ఆలోచించాలని మా గట్టి అభిప్రాయం. వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ సంగతి వేరు. అది ఎంజైమ్ జోలికి పోదు, కానీ ట్రమడాల్ వెన్నుపాము దగ్గర చేసే పనిని కొంత తగ్గించవచ్చు.

మీ అక్కకు పనిచేయడంలో వింత లేదు. ఆమె ఎంజైమ్‌కు అడ్డు లేదు, అంతే.

ప్రశ్న: సిప్-2డి6 జన్యు పరీక్ష చేయించుకుంటే ఏ నొప్పి మందు పడుతుందో ముందే తెలుస్తుందా? రిపోర్టులో నక్షత్రం గుర్తులు ఉంటాయట, అవేమిటి?
– హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

కొంతవరకు తెలుస్తుంది. ఈ ఎంజైమ్ తయారీకి సూత్రం 22వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. నక్షత్రం పక్కన అంకె ఆ ప్రతి ఏ రకమో చెబుతుంది. *1 మామూలుగా పనిచేసేది, *4 అసలు పనిచేయనిది, *5 అంటే ఆ జన్యువే ఊడిపోయింది, *10 నెమ్మదిగా పనిచేసేది. *10 ఆసియాలో, ముఖ్యంగా చైనా, జపాన్ వైపు, ఎక్కువ. ఒక్కో ప్రతికి కొన్ని మార్కులు వేసి కూడతారు. మొత్తం 0 అయితే ఎంజైమ్ లేనట్టే. 1.25 నుంచి 2.25 దాకా మామూలు, 0కీ 1.25కీ మధ్యలోది నెమ్మది. 2.25 దాటితే అతివేగం. అలాంటివారిలో ఒక వైపు నుంచి వచ్చిన జన్యువే రెండు మూడు ప్రతులుగా ఉంటుంది. యూరప్ మూలాల వారిలో నూటికి 5 నుంచి 10 మందికి ఈ ఎంజైమ్ పనిచేయదు. అతివేగం వారు ఇథియోపియా, ఉత్తర ఆఫ్రికా, అరబ్ దేశాల్లో ఎక్కువ.

అతివేగం వారికీ, అసలు లేనివారికీ కొడీన్, ట్రమడాల్ రెండూ వద్దన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న మాట. ఒకరికి విషమయ్యే ప్రమాదం, మరొకరికి పనిచేయదు.

పరీక్ష చేయించేటట్టయితే ల్యాబ్‌ను ఒక్క మాట అడగండి: జన్యువు ఎన్ని ప్రతులు ఉందో కూడా లెక్కపెడతారా? లెక్కపెట్టకపోతే అతివేగాన్ని పట్టుకోలేరు. *5 కూడా తప్పిపోవచ్చు. ఇంకో సంగతి. జన్యువు మామూలుగా ఉందని రిపోర్టు వచ్చినా, పై జవాబులో చెప్పిన పారాక్సెటిన్ లాంటి మందు వాడుతుంటే ఆ రిపోర్టు ఆ కాలానికి చెల్లదు. ఏ కారణమూ లేకుండా ముందుజాగ్రత్తగా డబ్బు పెట్టి చేయించుకోవాల్సిన అవసరం ఉందని మాకు అనిపించదు. కొడీన్ గానీ ట్రమడాల్ గానీ ఇంతకుముందు విపరీతంగా మగత తెచ్చినా, అసలు పనిచేయకపోయినా చేయించడం సబబే.

ప్రశ్న: మా అన్నయ్యకు లివర్ గట్టిపడిందన్నారు, పొట్టలో నీరు కూడా ఉంది. ఈమధ్య జారిపడి చెయ్యి విరిగింది. ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిసిన మాత్ర రోజుకు మూడు వేస్తున్నాం. లివర్ ఎంజైమ్‌లు పరీక్ష చేయిస్తే ఎస్‌జీపీటీ 38, నార్మల్ అని వచ్చింది. ఎంజైమ్‌లు బాగున్నాయి కాబట్టి మందులు బాగానే అరుగుతాయి కదా? నాలుగు రోజులుగా విరేచనం కాలేదు, కాస్త మాట తడబడుతున్నాడు.
– రాజమహేంద్రవరం

ముందు ఆఖరి వాక్యం గురించి. ఇది చదివిన వెంటనే ఆయన్ని డాక్టరుకు చూపించండి. సిరోసిస్ (లివర్ గట్టిపడటం) ఉన్నవారిలో మలబద్ధకం, మాట తడబాటు, రాత్రీపగలూ తారుమారు కావడం – మెదడుకు అమోనియా ఎక్కుతోందనడానికి ఇవి తొలి గుర్తులు. ఓపియాయిడ్లన్నీ పేగు కదలికను మందగిస్తాయి. పేగులో మలం నిల్వ ఉంటే అమోనియా పెరుగుతుంది, దాన్ని శుభ్రం చేసే లివర్ ఇప్పటికే అలసి ఉంది. ఇలాంటివారికి నొప్పి మందు మొదలైన రోజే లాక్టులోజ్ కూడా మొదలవ్వాలి, రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేలా.

ఇక ఎంజైమ్‌ల మాట. రెండు వేర్వేరు సంగతులకు ఒకే పేరు ఉండటం వల్ల వచ్చిన గందరగోళం ఇది, ఎంతోమందికి ఉంది. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ లివర్ కణాలు దెబ్బతిని పగిలినప్పుడు రక్తంలోకి కారే పదార్థాలు. ఇల్లు కాలుతుంటే వచ్చే పొగ లాంటివి. మందుల్ని మార్చే సిప్, యుజిటి ఎంజైమ్‌లు వేరు. అవి కణం లోపలే ఉండి పనిచేస్తాయి, వాటిని కొలిచే మామూలు రక్తపరీక్ష లేదు. సిరోసిస్ ముదిరాక పగలడానికి కణాలే తక్కువైపోతాయి కాబట్టి ఎస్‌జీపీటీ నార్మల్‌గానే రావచ్చు. మందులు అరిగే శక్తిని ఊహించడానికి డాక్టరు చూసేది రక్తంలో అల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్, పొట్టలో నీరు, మెదడు మందగింపు.

ముదిరిన సిరోసిస్‌లో ట్రమడాల్ సగానికి తగ్గడానికి మామూలుగా పట్టే ఆరు గంటలు దాదాపు 13 గంటలవుతుంది. ఎమ్-1కు అది 19 గంటలు. అందుకే ఇలాంటివారికి తయారీదారు సూచించేది 50 మి.గ్రా., అదీ 12 గంటలకోసారి. మీరు ఇస్తున్నది ఎనిమిది గంటలకోసారి. మొత్తం మోతాదులో తేడా చిన్నదే, ఎడమే సమస్య. ముందు మాత్ర దిగకముందే తర్వాతిది చేరుతోంది. పారాసిటమాల్ విషయంలో మీరు భయపడక్కర్లేదు. రోజుకు 2 గ్రాములు దాటనంతవరకు సిరోసిస్‌లోనూ అదే అన్నిటికన్నా నమ్మకమైన మందు, మీ మూడు మాత్రల్లో ఒక గ్రాము కూడా లేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం ముట్టవద్దు. పొట్టలో నీరున్నవారికి కిడ్నీలు కూలిపోతాయి, రక్తం కక్కుకునే ప్రమాదమూ ఉంది.

నోటితో ఇచ్చే మార్ఫిన్‌కూ ఇదే జాగ్రత్త కావాలి. ఆరోగ్యవంతుల్లో మింగిన మార్ఫిన్‌లో మూడో వంతు మాత్రమే లివర్‌ను దాటి రక్తంలోకి చేరుతుంది. సిరోసిస్‌లో ఆ కాపలా సడలిపోయి చాలా ఎక్కువ భాగం లోపలికి వస్తుంది. అందరికీ ఇచ్చే మోతాదే వీరికి రెండు మూడింతలైనట్టు.

ప్రశ్న: నాకు దగ్గుకు రాసిన కొడీన్ సిరప్ సగం మిగిలింది. మా ఆరేళ్ల బాబుకి రాత్రంతా దగ్గు. అర చెంచా ఇవ్వొచ్చా?
– గుంటూరు

వద్దు. పావు చెంచా కూడా వద్దు.

కొడీన్ తనంతట తాను బలహీనమైన మందు. అందులో నూటికి 5 నుంచి 10 వంతుల్ని సిప్-2డి6 మార్ఫిన్‌గా మారుస్తుంది, పనిచేసేది ప్రధానంగా అదే. మిగతాదాన్ని ఇతర ఎంజైమ్‌లు మరో దారిన బయటికి పంపుతాయి. బాబు అతివేగం రకమైతే ఆ వంతు బాగా పెరిగిపోవచ్చు. అర చెంచాలో ఎంత మార్ఫిన్ తయారవుతుందో ముందుగా చెప్పగలిగేవారెవరూ లేరు. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత మామూలు మోతాదు కొడీన్ ఇచ్చిన పిల్లలు నిద్రలోనే ఊపిరి ఆగి చనిపోయిన ఘటనల వల్లే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో పెద్ద హెచ్చరిక పెట్టింది. 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకు కొడీన్, ట్రమడాల్ రెండూ కూడదని తేల్చింది. పాలిచ్చే తల్లులూ ఈ రెండూ వాడకూడదనే చెబుతున్నారు. తల్లి అతివేగం రకమైతే ఆమెలో తయారైన మార్ఫిన్ పాల ద్వారా బిడ్డకు చేరుతుంది.

ఇప్పటికే ఇచ్చి ఉంటే బాబును నిద్రపుచ్చి వదిలేయకండి. లేపితే లేవకపోవడం, ఊపిరి నెమ్మదించడం, కంటిపాప గుండుసూది మొనంత కావడం, పెదవులు నీలమెక్కడం – ఏది కనిపించినా 108కు ఫోన్ చేయండి. దగ్గుకు పడుకోబోయే ముందు ఒక చెంచా తేనె చాలు; ఏడాది నిండిన పిల్లలకే. ఆయాసం గానీ జ్వరం గానీ ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. మిగిలిన సిరప్‌ను వాడేసిన టీ పొడిలో కలిపి, కవర్లో కట్టి పారేయండి. అలమారలో ఉంచకండి.

ప్రశ్న: నాన్నగారికి 68. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ 10 మి.గ్రా. నాలుగు గంటలకోసారి ఇస్తున్నాం, రెండు నెలలు బాగా గడిచాయి. నాలుగు రోజులుగా వాంతులు, తిండి లేదు. ఇప్పుడు ఎప్పుడూ మగతే, నిద్రలో చేతులూ కాళ్లూ ఎగిరిపడుతున్నాయి. క్రియాటినిన్ 1.1 ఉండేది 2.6 అయింది. లివర్ మాత్రం బాగుందట. మార్ఫిన్ లివర్లోనే కదా కరిగేది, మరి ఎందుకిలా?
– కరీంనగర్

లివర్ తన పని చేసింది. చెత్త బయటికి వెళ్లే దారి మూసుకుపోయింది.

మార్ఫిన్‌కు సిప్ ఎంజైమ్‌లతో పెద్దగా పనిలేదు. యుజిటి-2బి7 అనే మరో ఎంజైమ్ దానికి చక్కెర జాతి అణువొకటి తగిలించి నీళ్లలో కరిగేలా చేస్తుంది. ఆ తగిలింపు రెండు చోట్ల జరుగుతుంది. ఎక్కువ భాగం ఎమ్-3-జి అవుతుంది. దానికి నొప్పి తగ్గించే గుణం లేదు, నరాల్ని రెచ్చగొట్టే గుణం ఉంది. కొద్ది భాగం ఎమ్-6-జి అవుతుంది; ఇది మార్ఫిన్‌లాగే, ఇంకా గట్టిగా, నొప్పినీ తగ్గిస్తుంది, మగతనూ తెస్తుంది, ఊపిరినీ నెమ్మదిస్తుంది. ఈ రెండూ ఒంట్లోంచి పోవాల్సింది మూత్రంలోనే. వాంతులతో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు మందగించాయి, క్రియాటినిన్ పెరగడం దానికి గుర్తు. మాత్ర అదే, గంటలు అవే, కానీ ఒక్కో డోసు చెత్త మీద ఇంకో డోసు చెత్త పేరుకుంటోంది. మగత ఎమ్-6-జి వల్ల, ఎగిరిపడటం ఎక్కువగా ఎమ్-3-జి వల్ల అని లెక్క.

ఇప్పుడు చేయాల్సింది: ఛాతీ మీద చెయ్యి వేసి గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఎనిమిదికి తక్కువున్నా, పిలిస్తే పలకకపోయినా అది అత్యవసరం, 108. అంతకంటే బాగుంటే తర్వాతి డోసు వేసేముందు ఆయన్ని చూస్తున్న పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) డాక్టరుకు ఫోన్ చేసి క్రియాటినిన్ అంకె చెప్పండి. సాధారణంగా ఒకటి రెండు డోసులు ఆపడం, మోతాదు తగ్గించి ఎడం పెంచడం, సెలైన్ పెట్టడం, లేదా కిడ్నీ మీద ఆధారపడని ఫెంటానిల్, బ్యుప్రెనార్ఫిన్ వైపు మార్చడం చేస్తారు. రెండు నెలలుగా వాడుతున్నది మీరే పూర్తిగా ఆపేయకండి. నొప్పి విరుచుకుపడుతుంది, ఒళ్లు మార్ఫిన్ కోసం అల్లాడుతుంది. ఎగిరిపడటం నొప్పివల్లనుకుని డోసు పెంచడం మాత్రం అన్నిటికన్నా పెద్ద తప్పు. దురదృష్టవశాత్తు ఇళ్లలో తరచూ జరిగేది అదే. నొప్పికని మధ్యలో డైక్లోఫెనాక్ సూది వేయించారేమో గుర్తు తెచ్చుకోండి. కిడ్నీని దెబ్బతీసే వాటిలో అదొకటి.

ఇవన్నీ చదివి మార్ఫిన్ అంటే భయపడవద్దు. క్యాన్సర్ నొప్పికి అంత మంచి మందు, అంత చవకైన మందు మరొకటి లేదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆస్పత్రులకు దీన్ని ఉంచుకోవడం సులువైంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది.

ప్రశ్న: అమ్మకు ఫెంటానిల్ పట్టీ, 25 మైక్రోగ్రాములది, మూడు రోజులకోసారి మారుస్తున్నాం. టీబీ అని తేలి మందులు మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. పట్టీ పనిచేయడం మానేసింది. వేరే కంపెనీది కొనాలా?
– నిజామాబాద్

కంపెనీ మార్చి లాభం లేదు. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ వల్లే ఇది అయ్యుండాలి.

ఫెంటానిల్‌ను విరిచేది సిప్-3ఎ4 అనే మరో లివర్ ఎంజైమ్. విరిచాక మిగిలే నార్‌ఫెంటానిల్‌కు నొప్పి తగ్గించే శక్తి లేదు. రిఫాంపిసిన్ ఈ ఎంజైమ్‌ను ఎక్కువెక్కువగా తయారు చేయమని లివర్ కణాలకు ఆదేశం ఇస్తుంది. కొత్త ఎంజైమ్ తయారవడానికి రోజులు పడుతుంది కాబట్టి మొదటి వారం ఏమీ తెలియదు, రెండో వారంలో మందు చాలనట్టు అవుతుంది. మీ పన్నెండు రోజుల లెక్క సరిగ్గా సరిపోయింది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా ఇలాగే చేస్తాయి. టీబీ మందులు ఆపే ప్రసక్తే లేదు. నొప్పి డాక్టరు పట్టీ బలం పెంచుతారు, లేదా మందే మారుస్తారు.

అసలు ప్రమాదం ఆరు నెలల తర్వాత వస్తుంది. టీబీ కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆగాక రెండు వారాల్లో ఎంజైమ్ మామూలు స్థాయికి దిగుతుంది. అప్పటికి పెంచిన పట్టీ బలం అలాగే ఉంటే అమ్మ మగతలోకి జారుకుంటుంది. టీబీ కోర్సు ముగిసే తేదీని ఇవాళే క్యాలెండర్లో రాసి, నొప్పి డాక్టరుకూ చెప్పి ఉంచండి.

దీనికి ఎదురుదిశలో పనిచేసేవీ ఉన్నాయి. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్, బీపీకి ఇచ్చే డిల్టియాజెమ్, వెరపమిల్ సిప్-3ఎ4ను అడ్డుకుంటాయి. పట్టీ మీద ఉన్నవారికి ఇవి మొదలైతే ఒకటి రెండు రోజుల్లోనే మందు ఎక్కువైపోవచ్చు. అప్పుడు పట్టీ పీకేస్తే వెంటనే తగ్గుతుందనుకోకండి. చర్మం కింద నిల్వ ఉన్న మందు వస్తూనే ఉంటుంది, రక్తంలో సగానికి తగ్గడానికే 20 నుంచి 27 గంటలు పడుతుంది. పట్టీ మీద వేడినీళ్ల సంచి పెట్టినా, జ్వరం బాగా ఎక్కినా మందు వేగంగా లోపలికి పోతుంది. వాడిన పట్టీలోనూ పిల్లల ప్రాణం తీయగలిగేంత మందు మిగిలే ఉంటుంది. అంటుకునే వైపు లోపలికి మడిచి, ఎవరికీ అందని చోటు చూసి పారేయండి.

ప్రశ్న: మత్తు మాన్పించే కేంద్రంలో బ్యుప్రెనార్ఫిన్ బిళ్ల నాలుక కింద పెట్టుకోమంటారు. చేదుగా ఉందని మింగేస్తే పనిచేయడం లేదు, ఎందుకు?
– విశాఖపట్నం

నాలుక కింద కరిగితే మందు నేరుగా రక్తంలోకి చేరుతుంది. మింగితే ముందు పేగు గోడనూ లివర్‌నూ దాటాలి, అక్కడే సిప్-3ఎ4, యుజిటి దాన్లో చాలా భాగాన్ని పాడుచేస్తాయి. పూర్తిగా కరిగేదాకా, అంటే 5 నుంచి 10 నిమిషాలు, మాట్లాడకుండా, ఉమ్మి మింగకుండా ఉండండి. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడిపితే తొందరగా కరుగుతుంది. కరిగాక నోరు పుక్కిలించండి, పళ్లకు మంచిది.

ప్రశ్న: మా ఆయనకు మోకాళ్ల నొప్పికి టాపెంటడాల్ 50 రాశారు. ఇది లివర్ ఎంజైమ్‌ల గొడవ లేని మందని షాపతను చెప్పాడు. ఆయన రోజూ సాయంత్రం కల్లు తాగుతాడు. కల్లే కదా, పర్వాలేదా?
– నల్గొండ జిల్లా

షాపతను చెప్పింది సగం నిజం. టాపెంటడాల్ మార్ఫిన్‌లాగే యుజిటి దారిలో పోతుంది. సిప్-2డి6 వేగం, నెమ్మది దీనికి పట్టవు. కానీ ఎంజైమ్ దగ్గర గొడవ లేనంత మాత్రాన మెదడు దగ్గర గొడవ లేనట్టు కాదు.

చెట్టు నుంచి దింపిన కల్లులో ఉన్నది ఆల్కహాలే. అది కూడా ఈ మందుతో కూడదు. తెలంగాణలో చాలా దుకాణాల్లో అమ్మేది అదొక్కటే కాదని అందరికీ తెలిసిందే: అల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు పదే పదే పట్టుబడింది. ఓపియాయిడ్ మెదడులో ఊపిరిని నడిపే కేంద్రాన్ని నెమ్మదిస్తుంది. ఈ మత్తుమందులు అదే కేంద్రాన్ని మరో వైపు నుంచి నొక్కుతాయి. విడివిడిగా నిద్రపుచ్చే మోతాదులు కలిస్తే ఊపిరి ఆపగలవు. 2016లో ఎఫ్‌డీఏ ఈ రెండు జాతుల్నీ కలిపి వాడటం మీద తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. కల్లులో ఎంత కలిపారో తాగేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ సరిగ్గా తెలియదు.

నిన్న తాగాడు, ఇవాళ మాత్ర వేస్తాం అన్న లెక్క కూడా కుదరదు. డయజెపాంను లివర్ డెస్‌మిథైల్ డయజెపాంగా మారుస్తుంది, అదీ మత్తుదే, రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. వయసు పైబడినవారిలో ఇంకా ఎక్కువ.

పోనీ కల్లు ఇవాళే మాన్పించేద్దామంటే అదీ ప్రమాదం. కల్తీ కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్ వస్తాయి. ముందు టాపెంటడాల్ ఆపి, డాక్టరుకు కల్లు సంగతి దాచకుండా చెప్పండి, రోజుకు ఎన్ని సీసాలో కూడా. మోకాళ్లకు పారాసిటమాల్, తొడ కండరాల వ్యాయామం, పైపూత మందులతో మొదలుపెట్టొచ్చు. కల్లు మాన్పించడం ప్రభుత్వాస్పత్రి మానసిక వైద్య విభాగంలో మందు మోతాదు నెమ్మదిగా దించుతూ చేస్తారు.

ప్రశ్న: నడుం ఆపరేషన్ తర్వాత ఇక్కడ నాకు హైడ్రోకొడోన్ ఇస్తున్నారు, నెలకోసారి మూత్రపరీక్ష. ఈసారి రిపోర్టులో హైడ్రోకొడోన్, నార్‌హైడ్రోకొడోన్, హైడ్రోమార్ఫోన్, వీటితో పాటు కొంచెం మార్ఫిన్, కొడీన్ కూడా వచ్చాయి. నేను వేరే మాత్రలేవీ వేసుకోలేదు. డాక్టరు నమ్మడం లేదు. ఆ వారాంతం గసగసాలు వేసిన మటన్ కూర మాత్రం తిన్నాను.
– డాలస్, అమెరికా

మొదటి మూడింటికీ మీ మాత్రే కారణం. హైడ్రోకొడోన్‌ను సిప్-3ఎ4 నార్‌హైడ్రోకొడోన్‌గానూ, సిప్-2డి6 హైడ్రోమార్ఫోన్‌గానూ మారుస్తాయి. ఈ రెండూ లేకుండా ఒక్క హైడ్రోకొడోనే కనిపిస్తే, మాత్రను మింగకుండా మూత్రంలో కలిపారేమోనని అనుమానిస్తారు. నార్‌హైడ్రోకొడోన్ ఉండటం మీరు మింగారనడానికి రుజువు. హైడ్రోమార్ఫోన్ వేరుగా దొరికే మాత్ర కూడా కాబట్టి కొందరు డాక్టర్లు ఇక్కడ పొరబడతారు. మొత్తంలో అది కొద్దిగా ఉంటే లివర్ చేసిందే.

మార్ఫిన్, కొడీన్ మాత్రం హైడ్రోకొడోన్ నుంచి రావు. లివర్లో దారి ఎటు పోతుందో గుర్తుంచుకోండి. కొడీన్ నుంచి మార్ఫిన్ వస్తుంది, కొద్దిగా హైడ్రోకొడోన్ కూడా రావచ్చు. మార్ఫిన్ నుంచి కొడీన్ రాదు. మీ విషయంలో అనుమానించాల్సింది మటన్ కూరనే. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. గింజలో మందు ఉండదు, కోసేటప్పుడు కాయ పాలు పైన అంటుకుంటాయి. మూత్రంలో మార్ఫిన్ ఎక్కువ, కొడీన్ తక్కువగా ఒకటి రెండు రోజులు కనిపించడం గసగసాల తీరు. అమెరికాలో ప్రభుత్వోద్యోగుల పరీక్షలో మార్ఫిన్ హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచడానికి ఒక కారణం ఈ గింజలే. నొప్పి క్లినిక్కుల్లో హద్దు ఇంకా తక్కువ ఉంటుంది కాబట్టి అక్కడ ఇప్పటికీ పట్టుబడతారు. 2023లో అమెరికా రక్షణ శాఖ తన సైనికులను గసగసాలు తినవద్దని కోరింది.

ఒక్కో పదార్థాన్నీ విడిగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేసిన పరీక్ష అంకెలు అడిగి తీసుకోండి. కూర సంగతి డాక్టరుకు రాతపూర్వకంగా చెప్పి, వారం పాటు గసగసాలు మాని మళ్లీ పరీక్ష కోరండి. ఈ చికిత్స ముగిసేదాకా కుర్మాలో గసగసాలకు బదులు జీడిపప్పు, పుచ్చ గింజలు వాడుకోవచ్చు. ఇండియా నుంచి వచ్చే బంధువుల్ని మీకోసం ట్రమడాల్ స్ట్రిప్పులు తెమ్మనకండి. అమెరికాలో 2014 ఆగస్టు నుంచి, ఇండియాలో 2018 ఏప్రిల్ నుంచి అది నియంత్రణలో ఉన్న మందు. గల్ఫ్‌లో ఉన్న పాఠకులకు ఇంకో మాట: యూఏఈ, సౌదీల్లోకి గసగసాలు తీసుకెళ్లడమే నిషేధం. సామానులో మసాలా పొట్లం పెట్టే ముందు అందులో ఏముందో అమ్మను అడగండి.